ఎండాసురుడికి అత్తగారు

ధర్మవరంలో అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ఆ ఒక్కరోజు వీధులకు వీధులే మూగబోతాయి. నేతగాళ్లు సినిమాకు పోతారు, గుడికి పోతారు, ఏదీ కుదరకపోతే మంచమెక్కుతారు. జయరాముడి ఇంట్లో మాత్రం ఆరోజు రాక్షసుణ్ణి చంపుతారు.

నెలకొకణ్ణి చొప్పున ఏడాదిగా చంపుతూనే ఉన్నారు. చచ్చినవాళ్లు ఎటూ చచ్చారు, బతికున్న జయరాముడికే ప్రాణం ఉసూరుమంటోంది. ఎందుకంటే ఆ రాక్షసులందరినీ కన్నది అతనే.

జయరాముడు పట్టుచీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ ఎర్రరంగుతో నింపుకుంటూ పోతే కాసేపటికి హంస తేలుతుంది, లేదా మామిడిపిందె తేలుతుంది. చీరలు నేయించే సావుకారు ఏదడిగితే అది తేలాలి. ఇన్నేళ్లలో అతను గీసిన హంసలన్నీ ఒక్కసారి లేస్తే ఊరికి ఎండ తగలదు, అయినా వాటిలో ఒక్కటీ తన హంస కాదు. అలాంటి మనిషికి బెంగుళూరులో, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల కుప్పలో, అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అదొక ఆట. ఒకరు కథ చెబుతూ రాక్షసుణ్ణి పుట్టించాలి. మిగతావాళ్లు వీరులై ఆ కథలో దూరి వాణ్ణి ఓడించాలి. ఆడేదంతా నోటితోనే. దెబ్బ తగిలిందా లేదా అని తగువొస్తే పాచికలు వేసి తేల్చుకోవాలి. ఎస్సెల్సీ నాటి ఇంగ్లీషుతో, నిఘంటువు తొడమీద పెట్టుకుని, మూడు నెలలు కుస్తీ పట్టి జయరాముడు ఆ పుస్తకాన్ని లొంగదీశాడు. పాచికల బదులు గవ్వలు పెట్టాడు. గుహల పటాలు గీయడానికి గళ్ల కాగితం ఎటూ ఇంట్లోనే ఉంది.

ఆడేవాళ్లు ముగ్గురు. భార్య నాగలక్ష్మమ్మ, పక్కింటి నేతగాడు తిప్పేస్వామి, రాప్తాడు నుంచి అమావాస్య అమావాస్యకూ బస్సెక్కి వచ్చే సుంకన్న. సుంకన్నది మెట్టసేద్యం. వాన లేని ఏడు రైతుకు తీరికే తీరిక, ఆ తీరికతో ఏం చేసుకోవాలో తెలియక వచ్చేవాడు.

పుస్తకం ప్రకారం రాక్షసుడికి నలభై మార్కులు. బలానికి ఇన్ని, ఆయుధానికి ఇన్ని, మాయకు ఇన్ని, తెలివికి ఇన్ని అని పంచుకోవాలి. మొదటిసారి జయరాముడు పద్ధతిగా పంచి, నోట్లోంచి మంటలు కక్కే రెక్కల పామును పుట్టించాడు. కత్తి దూయాల్సిన సుంకన్న దాని దగ్గర గొంతుక్కూర్చుని, "ఏమప్పా, ఆ మంట ఊరికే పోతాండాది గదా, శెనక్కాయలు వేయించిస్తావా?" అని బేరం పెట్టాడు. గవ్వలు సుంకన్న పక్షాన పడ్డాయి. పాము మూడు మూటలు వేయించి, అలిసిపోయి చచ్చింది. రెండోనెల గజదొంగను తెస్తే, వాణ్ణి సర్పంచిగా నిలబెట్టి గెలిపించారు. గెలిచాక వాడికి దొంగతనానికి పొద్దు చిక్కలేదు. మూడోనెల కొరివిదెయ్యం వస్తే నాగలక్ష్మమ్మ పాత చెప్పు చూపించింది, అంతే, అది మళ్లీ కనబడలేదు.

జయరాముడు రూల్సు పక్కన పెట్టాడు. నలభై మార్కుల చోట నాలుగు వందలిచ్చాడు. చేతులు ఎనిమిది పెట్టాడు, తలలు పెంచాడు, ఒళ్లంతా విషం పూశాడు. ఎన్ని చేసినా దీపాలు పెట్టే వేళ దాకా ఒక్కడూ నిలవలేదు. పోయిన నెలవాడికైతే ఇనుపచర్మం. తిప్పేస్వామి వాణ్ణి మంచి మాటలతో ఎండలో నిలబెట్టాడు. ధర్మవరం ఎండలో ఇనుము సంగతి చెప్పేదేముంది.

ఇక ఆ ఇంటి సంగతి చెప్పాలి. అది జయరాముడి ఇల్లు కాదు, అత్తగారిది. జయరాముడు ఆరేళ్ల కిందట నల్లమాడ నుంచి ఇల్లరికం వచ్చాడు. మామ పోయాడు. అత్త లక్ష్మీదేవమ్మ లోపలి గదిలో రాట్నం ముందు కూర్చుని పట్టుదారం చుడుతుంది. ఆమెది పాతకాలపు మర్యాద. అల్లుడి ఎదుట పడదు, అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. తలుపు చాటున నిలబడి, "నాగలక్ష్మీ, అన్నం పెట్టినానని ఆయప్పకు చెప్పు" అంటుంది. ఆయప్ప రెండడుగుల దూరంలో ఉండి వింటూనే ఉంటాడు. కూతురు ఇంట్లో లేకపోతే నట్టింట్లో దూలం మోసే కంబానికి చెబుతుంది. "ఓ కంబమా, సంగటిలోకి ఊరిబిండి ఉట్టి మీద పెట్టినా" అని. జయరాముడు కంబం పక్కన కూర్చుని తిని లేస్తాడు. కంబం తరఫున ఎన్నడూ జవాబు చెప్పలేదు.

ఆ నెలలో పరధ్యానంగా గీస్తూ గీస్తూ జయరాముడు ఒక హంసకు కోరలు పెట్టాడు. సావుకారు ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చి, వీధి అరుగు మీద నిలబడి, నలుగురూ వినేట్టు, పెండ్లికూతురు చీర మీద కరిచే హంసలా అని అడిగాడు. ఆయన వెళ్లాక తలుపు చాటు నుంచి గొంతు వచ్చింది.

"నాగలక్ష్మీ, ఆయప్పకు చెప్పు. ఆ పుస్తకం నీళ్లపొయ్యిలో పెట్టేస్తా."

"అమ్మా, వద్దుమా."

"ఏడాదిగా ఒక్క రాక్షసుడన్నా దీపాల్యాళ దాకా బతికినాడా? బతకనిదాన్ని ఎన్నాళ్లు సాకల్ల?"

"బతికితే?" అంది నాగలక్ష్మమ్మ.

రాట్నం ఆగింది. "బతికితే ఉంచుకోండి. ఈ అమావాస్యే ఆఖరు."

జయరాముడు పుస్తకాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, ఆఫ్టరాల్ ఒక చిరిగిన పుస్తకం. కానీ ఆ ఇంట్లో గోడలు అత్తవి, మగ్గం మామది, ట్రంకుపెట్టె పెళ్లికి వాళ్లు పెట్టింది. ఇది నాది అని చెయ్యి పెట్టి చూపించుకోవడానికి అతనికున్నది ఆ పుస్తకమొక్కటే. అది కూడా పొయ్యి పాలైతే, ఈ ఇంట్లో తనకూ కంబానికీ తేడా ఉండదని అతనికి నిజంగా అనిపించింది.

పదిరోజులు ఆలోచించాడు. బుర్ర ఎండిపోయింది. అప్పుడు సావుకారు అతన్ని కుందుర్పికి పంపాడు. అక్కడ ఒక పెద్దింటివాళ్లకు పెళ్లిచీర డిజైను రాసుకు రావాలి. ఆ ఊళ్లో వరసగా మూడో ఏడూ వాన లేదు. తాగే నీళ్లకు మైలు నడవాలి. ఇంటి యజమాని మీసం మెలేస్తే ఊరు ఊరంతా గుమ్మాలు మూసుకుంటుందని బస్సులోనే ఎవరో చెప్పారు. జయరాముడు భయపడుతూనే అరుగు మీద కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడు లోపలి నుంచి, ముందురోజు వచ్చిన అల్లుడు ఆవులిస్తూ బయటికొచ్చి, "తలంటు పోసుకోవాలనిపిస్తోంది" అన్నాడు.

అంతే, ఇల్లు అదిరింది. ఆడవాళ్లు బిందెలెత్తుకుని మైలు దూరం పరుగు. ఎనిమిది బిందెలు వచ్చాయి. ఆ మీసాల యజమాని, ఊరిని వణికించేవాడు, తానే కూర్చుని పొయ్యి ఊదాడు. అల్లుడు వేలు ముంచి చూసి, అంత కాగినట్టు లేవన్నాడు. మళ్లీ కాచారు. కాగేసరికి, ఇప్పుడొద్దులే, నిద్రొస్తోందన్నాడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నోరెత్తలేదు.

జయరాముడి ఒళ్లు జలదరించింది. తిరుగు బస్సులో గళ్ల కాగితం మోకాలి మీద పెట్టుకుని కొత్త రాక్షసుణ్ణి రాశాడు. పేరు ఎండాసురుడు. బలం సున్న. ఆయుధం సున్న. మాయ సున్న. తెలివి కూడా సున్నే. పుస్తకమిచ్చిన నలభై మార్కులూ పుస్తకానికే వదిలేసి, కింద ఒక్క మాట రాసి గీత గీశాడు. 'ఈ ఊరి అల్లుడు.'

అమావాస్య మధ్యాహ్నం ముగ్గురూ నట్టింట్లో చాప మీద కూర్చున్నారు. జయరాముడు గొంతు సవరించుకుని కథ ఎత్తుకున్నాడు. ఊరికి ఐదు బావులు. ఎండాసురుడు వచ్చాడు. ఒక్కో తలంటుకు ఒక్కో బావి ఎండిపోతుంది. ఐదూ ఎండితే వీరులు ఓడినట్టే.

"యాడుండాడు వాడు?" అని తిప్పేస్వామి చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఒక్క ఏటుకు నరుకుతా."

"నరుకు. ఊరి ఆడబిడ్డ తాళి తెగుతాది. వాడు ఈ ఊరి అల్లుడు."

తిప్పేస్వామి నోరు తెరిచి, మూసి, లేని కత్తిని లేని ఒరలో పెట్టాడు. "ఇదేం అన్యాయమన్నా. పుస్తకంలో ఉండాదా ఇది?"

"పుస్తకంలో లేదు. ఊళ్లో ఉండాది."

సుంకన్న ముందుకు జరిగి బేరం మొదలుపెట్టాడు. "అల్లుడు నాయనా, నీకేం కావల్లో చెప్పు. ఆవును ఇస్తాం, బండి ఇస్తాం."

"ఇచ్చినవి తీసుకున్నాడు," అన్నాడు జయరాముడు. "తీసుకుని, తలంటు అన్నాడు."

మొదటి బావి ఎండింది. నాగలక్ష్మమ్మ అలవాటుగా చెప్పు మీదికి చెయ్యి పోనిచ్చి, అల్లుడి మీద చెప్పెత్తడమేమిటని తనే నాలుక్కరుచుకుంది. ఆమె మరో ఎత్తు వేసింది. పప్పులో ఉప్పు గుప్పెడు వేస్తానంది, నోరు మండి వాడే పోతాడని. జయరాముడు గవ్వలు కూడా వేయలేదు. ఎండాసురుడు ఆకు ముందు నుంచి లేచి, గోడవైపు తిరిగి పడుకుని, అలిగాడు. అలక తీర్చడానికి ఇంకో తలంటు. రెండో బావి ఎండింది. తిప్పేస్వామి అలక మంచం కాలు విరగ్గొట్టాడు. అల్లుడికి నడుం పట్టింది, వేన్నీళ్ల కాపడం పెట్టాల్సి వచ్చింది, మూడోది పోయింది. సుంకన్న, బావిలో నీళ్లు తక్కువున్నాయని ఉన్నమాట చెప్పి చూద్దామన్నాడు. అల్లుడికి లేదని చెబుతారా అని కథలోని ఊరంతా సుంకన్న మీద పడింది. ఆ గొడవలో నాలుగోది.

ఎండ అరుగు దిగింది. సుంకన్న తలపాగా తీసి తల గోక్కున్నాడు. తిప్పేస్వామి గవ్వలకేసి చూస్తూ కూర్చున్నాడు. జయరాముడికి లోపల పండగ్గా ఉంది. మరో అరగంట గడిస్తే దీపాల వేళ, పుస్తకం తనది. ఏడాదిలో మొదటిసారి అతను కాలు మీద కాలేసుకున్నాడు.

లోపల రాట్నం ఆగింది.

"ఆయప్ప అల్లుడైతే, అత్త ఒకతె ఉంటాది గదా?" అంది తలుపు చాటు గొంతు. "ఆమె యాడుండాది?"

జయరాముడు కాగితం చూసుకున్నాడు. అత్త లేదు. ఊరు రాశాడు, బావులు రాశాడు, అలక మంచానికి పట్టెలెన్నో కూడా రాశాడు, అత్తను రాయలేదు. ఆరేళ్లుగా తలుపు చాటు గొంతుగానే ఎరిగిన మనిషి, రాసేటప్పుడు ఎట్లా గుర్తొస్తుంది? కాలు కిందికి దించాడు.

"ఆమె నేను," అంది లక్ష్మీదేవమ్మ. "నేనూ ఆడతా."

గవ్వలివ్వమని నాగలక్ష్మమ్మకు చెప్పబోయాడు జయరాముడు. గవ్వలు అక్కర్లేదంది అత్త. తలుపు కొంచెం జరిగింది. ముసుగు, దాని కింద దారపు పోగులంటిన చేతులు కనబడ్డాయి. ఆమె కూతురికేసి చూడలేదు, కంబానికేసి చూడలేదు.

"ఎండాసురా," అంది.

జయరాముడు ఉలిక్కిపడ్డాడు. ఆరేళ్లలో ఆ గొంతు తిన్నగా తన మీదికి రావడం అదే మొదలు. అల్లుడితో మాట్లాడకూడదని మర్యాద ఉంది గానీ, రాక్షసుడితో మాట్లాడకూడదని ఏ పెద్దలూ చెప్పలేదు. అందుకని లక్ష్మీదేవమ్మ మాట్లాడింది. ఆరేళ్లది ఒక్కసారే మాట్లాడింది.

"చెప్పులు గడపకు అడ్డంగా ఇడుస్తావు. ఎన్నిసార్లు తట్టుకుని పడబోయినానో నీకు తెల్దు. చెంబులో నీళ్లు సగం తాగి సగం ఇడుస్తావు. ఈ కరువులో ఆ సగం ఎవరు తాగల్ల? కూర ఎట్లుండాదో ఒక్కనాడు చెప్పవు. బాగుంటే బాగుండాదని చెప్పు, లేకుంటే లేదని చెప్పు, రాతికి పెట్టినట్ల పెడతాండా నీకు."

"ఎండాసురుడు ఏమంటాడన్నా?" అని తిప్పేస్వామి ఉత్సాహంగా అడిగాడు. ఎండాసురుడు గడపకు అడ్డంగా పడున్న తన చెప్పులకేసి చూశాడు.

"రోజూ రెండు బిందెలు వేన్నీళ్లు," అంది ఆమె. "ఆ నీళ్లు యాడ నుంచి వస్తాండాయో ఎప్పుడన్నా అడిగినావా? బోరింగు కాడ నుంచి. నా మోకాళ్లతో."

"ఏమమ్మా, కథలో బోరింగు యాడుండాది, బావులు గదా?" అన్నాడు సుంకన్న. నాగలక్ష్మమ్మ అతని మోచేతి మీద గిల్లింది. సుంకన్నకు ఎందుకు గిల్లిందో అర్థం కాకపోయినా, గట్టిగా గిల్లింది గనుక ఊరుకున్నాడు.

జయరాముడి చెవులు వేడెక్కాయి. కుందుర్పిలో ఆ అల్లుణ్ణి చూసి తను జలదరించడం గుర్తొచ్చింది. వాడికి ఎనిమిది బిందెలు ఒక్కరోజు. తనకు రోజుకు రెండు, ఆరేళ్లుగా. లెక్క వేసుకోవడానికి కూడా సిగ్గేసింది. బస్సులో మోకాలి మీద ఎవరి బొమ్మ గీశాడో అప్పటికి గాని అతనికి తెలియలేదు.

"నాకు వేన్నీళ్లు పడవు," అన్నాడు.

"ఏమన్నావు?"

"వేన్నీళ్లు పడవు అత్తా. ఒళ్లు మండుతాది. మా ఊళ్లో ఎప్పుడూ సన్నీళ్లే పోసుకుంటా ఉంటి. ఈడ కాచి పెడితే, వద్దంటే నువ్వు నొచ్చుకుంటావని పోసుకుంటాండా."

ముసుగు కొంచెం పైకి జరిగింది. "ఆరేండ్లు?"

"ఆరేండ్లు."

"ఆరేండ్లు నేను మోసింది, నువ్వు మండింది, దేనికప్పా?"

తిప్పేస్వామికి నవ్వొచ్చి, గవ్వలు వెతుకుతున్నట్టు చాప కిందికి తల పెట్టాడు.

లక్ష్మీదేవమ్మ గొంతు తగ్గించింది. "ఇంకొకటి చెప్పు. రెండో ముద్ద ఎందుకు అడగవు? ఒక్క ముద్ద తిని లేస్తావు. వీధిలో ఆడోళ్లు, అల్లుడు ఎండిపోతాండాడు, అత్త కూడు పెట్టదా అని అడుగుతాండారు. నా మానం పోతాండాది."

జయరాముడు గళ్ల కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. ఎండాసురుడి ముఖం పెట్టుకుంటే ఏదైనా చెప్పొచ్చని అతనికీ తెలిసింది. "ఈ ఇంట్లో నాదనేది ఏముండాదని అడిగేది?" అన్నాడు. "పెట్టింది తింటాండా. అడగల్లంటే నోరు రాదు."

నాగలక్ష్మమ్మ కొంగు కళ్లకద్దుకుంది. సుంకన్న ఆమెను చూసి తనూ కళ్లు తుడుచుకున్నాడు, ఎందుకైనా మంచిదని.

"చూడు ఎండాసురా," అంది లక్ష్మీదేవమ్మ. "అల్లుడు అడగడు, పెట్టించుకుంటాడు. అల్లునికి వేన్నీళ్లు. అడిగేటోడు ఇంటోడు. ఇంటోనికి కావడి. ఆరేండ్లు అల్లునిగా ఉన్నింది చాలు. పొద్దున్నే కావడెత్తుకుని బోరింగు కాడికి పో. నీ సన్నీళ్లు నువ్వు తెచ్చుకో, మా నీళ్లూ తే."

తలుపు మళ్లీ దగ్గరికి పడింది.

తిప్పేస్వామి, సుంకన్న జయరాముడికేసి చూశారు. ఐదో బావి ఇంకా ఉంది. దీపాల వేళకు ఇంకా కొంచెం పొద్దుంది. గవ్వలు పడలేదు గనుక దెబ్బ తగల్లేదని దబాయిస్తే అడిగేవాడు లేడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎండాసురుడికున్న బలమంతా ఒక్క మాటే, అల్లుడు అన్నదే. ఆ మాట తీసేస్తే కాగితం మీద మిగిలేవి నాలుగు సున్నలు. తన రాక్షసుణ్ణి తనే దొంగలెక్కతో బతికించుకుంటే ఇక ఆట ఎందుకు, రాక్షసుడెందుకు?

"ఎండాసురుడు సచ్చినాడు," అన్నాడు.

చెప్పి, పుస్తకం తీసుకుని, లేచి పెరట్లోకి నడిచాడు. మాట మాటే. పెరట్లో నీళ్లపొయ్యి చల్లగా ఉంది, బూడిద కూడా ఎత్తేసి ఉంది. చేతిలో పుస్తకం, పొయ్యిలో నిప్పు లేదు. అగ్గిపెట్టె కోసం వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో లక్ష్మీదేవమ్మ నిలబడి ఉంది. చాటున కాదు, గుమ్మంలోనే.

"యాడికి పోతాండావు?"

"నీళ్లపొయ్యిలో పెడతానంటివి గదా అత్తా."

"నీళ్లపొయ్యి ఇంక ముట్టించేది యాడుండాది? వేన్నీళ్లు పడవంటివి." ఆమె కొంగు సర్దుకుంది. "ఆరిన పొయ్యిలో ఏం కాలుస్తావు? పెట్టు లోపల. వచ్చే అమావాస్యకు అత్తను రాయి ముందు. అత్త లేకుండా అల్లుణ్ణి రాసేటోణ్ణి యాడా చూడలేదు నేను."

చీకటి పడేలోగా సుంకన్న బస్సుకు పోయాడు, తిప్పేస్వామి గోడ అవతలికి పోయి, జరిగింది జరిగినట్టు భార్యకు చెప్పి, ఇద్దరూ కలిసి నవ్వడం ఇవతలికి వినబడింది. జయరాముడు చెప్పులు గడప పక్కన జతగా పెట్టి లోపలికొచ్చి, కంబం పక్కన కూర్చున్నాడు. నాగలక్ష్మమ్మ సంగటిముద్ద పెట్టి, గుంట చేసి, అందులో ఊరిబిండి కారం వేసింది. తిన్నాడు. చెంబులో నీళ్లు మొత్తం తాగాడు. లేవబోయి, లేవలేదు. చెయ్యి ఎండిపోతోంది.

"అత్తా," అన్నాడు తలుపు వైపు. "ఇంకొక ముద్ద పెట్టు. కారం బాగుండాది."

లోపల గిన్నె మూత తీసిన చప్పుడైంది.

"విన్నావా కంబమా," అంది గొంతు. "అడిగినాడు."

లక్ష్మీదేవమ్మ తానే వచ్చి వడ్డించింది. ఆ ముద్ద ఇద్దరికి సరిపోయేంత ఉంది. జయరాముడు మధ్యలో ఒకసారి నడుం వెనక్కి వాల్చి ఊపిరి తీసుకున్నాడు, చివరి మెతుకు దాకా తిన్నాడు.